పక్క మంచం డాక్టరమ్మ

రికార్డు 1

ఈ యంత్రాన్ని నా మంచానికి తల దగ్గర బిగించారు. ఏం తిన్నాను, ఎక్కడ నొప్పి, బిడ్డ కదిలిందా లేదా, అన్నీ రోజూ దీనికి చెప్పాలట. నేను మా బొగ్గుబాయి యాసలో చెబితే ఇది దిద్ది పుస్తకాల తెలుగులో రాసుకుంటుంది. ఎవరైనా ఎవరితోనైనా అన్న మాటలు మాత్రం ఉన్నవున్నట్టు రాస్తుంది. అంతవరకు బుద్ధి ఉంది దీనికి.

సరే, రాసుకో. నా పేరు ఓదెమ్మ. సొరంగం ఊళ్ళో బరువు చొక్కాలు కుట్టడం నా పని. చంద్రుడి మీద మనిషి బరువు ఆరోవంతే కదా. అంత తేలికగా తిరిగితే ఎముకలు గుల్లబారతాయని పిల్లాపెద్దా అందరూ రాతిపొడి నింపిన చొక్కాలు వేసుకునే తిరుగుతారు. స్నానానికి తప్ప విప్పరు. ఈ పొద్దున నర్సు యాదమ్మ నా చొక్కా విప్పించి, కొక్కేనికి తగిలించి, నన్ను మంచం ఎక్కించి, నడుముకు పట్టీ బిగించింది.

"కాన్పయ్యేదాంక గింతే బిడ్డా," అంది.

నాకే జబ్బూ లేదు. నిన్నటిదాకా మిషన్ ముందు కూర్చుని చొక్కాలు కుట్టాను, సొరంగం ఆ చివరి నుంచి ఈ చివరికి మోసుకెళ్ళి ఇచ్చాను. బిడ్డ చక్కగా కదులుతోంది. అయినా కడుపు ఎత్తుగా కనబడిందంటే పడకే. అది ఊరి కట్టడి. లేపే మాట పెద్ద డాక్టరమ్మ విశాలాక్షిది ఒక్కదానిదే. ఆమె చెప్పకుండా లేచిన తల్లికి పుట్టిన బిడ్డను ఇవ్వరు, శిశుగృహంలో పెంచుతారు.

బిడ్డను ఇవ్వమన్న ఈ కట్టడి ఎప్పుడు పెట్టారో, ఎవరి శవం మీద పెట్టారో నాకు తెలుసు. డాక్టరమ్మ ఈ రికార్డులు వింటుందని కూడా తెలుసు. వినాలనే చెబుతున్నాను. నీ అంతు చూస్తాను డాక్టరమ్మా.

రికార్డు 2

తిన్నది: జావ, పాలకూర పప్పు. నొప్పి: నడుములో. బిడ్డ: బాగా తన్నింది.

మా అక్క గురించి చెప్పాలి. పేరు మల్లక్క. ఇదే వార్డులో, ఆ గోడ పక్క మంచంలో పడుకోబెట్టారు. నెలలు గడిచేకొద్దీ తొడలు సన్నబడ్డాయి, చేతులు పుల్లల్లా అయ్యాయి. శ్రీమంతానికి కొన్నాళ్ళ ముందు ఎడమ పిక్కలో నొప్పి మొదలైంది. నేను చూడ్డానికి వెళ్తే దుప్పటి తీసి చూపించింది. ఎడమ కాలు ఉబ్బి ఎర్రగా మెరుస్తోంది, కుడి కాలు మామూలుగా ఉంది. ముట్టుకుంటే కాలింది. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. చూసింది. "మంచం మీద ఉన్నవాళ్ళకి ఎక్కడో ఒకచోట నొప్పి ఉంటుందమ్మా, ఓర్చుకో" అని దుప్పటి కప్పేసి వెళ్ళిపోయింది.

శ్రీమంతం రోజున పట్టీ విప్పి కూర్చోబెట్టారు. గాజులు తొడుగుతామంటే, "ఆగుండ్రి, చేతులన్న కడుక్కొస్త" అని మా అక్క దిగింది. నాలుగడుగులు వేసి రొమ్ము పట్టుకుంది. గాలి అందలేదు. ఈ తేలిక ఊళ్ళో మనిషి పడిపోవడానికి కూడా సేపు పడుతుంది. పట్టుకోవడానికి నాకు కావలసినంత సమయం దొరికింది. పట్టుకున్నాను కూడా. ఏం లాభం? నా చేతుల్లోనే పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

మర్నాడు డాక్టరమ్మ మైకులో ఊరందరికీ చెప్పింది: "మల్లక్క లేచింది కాబట్టే పోయింది. ఇకనుంచి లేచిన తల్లికి బిడ్డను ఇచ్చేది లేదు." ఊరంతా తల ఊపింది. మా అక్క మాట వినక చచ్చిందని ఇప్పటికీ పసిపిల్లలకు చెప్పి బెదిరిస్తారు. అది విన్న ప్రతిసారీ నా కడుపు మండిపోతుంది.

రికార్డు 3

తిన్నది: అదే. నొప్పి: అక్కడే.

ఎదురు మంచంలో స్వరూప ఉంది. నాకంటే ముందే పడుకుంది, కానుపు కూడా ముందే. నోరు మూయదు. "అక్కా, నేను పండుకొని పండుకొని రొట్టెలెక్క సాపయిన" అంటుంది. శ్రీమంతంలో ఆమె కోరిక ఊరంతటికీ తెలుసు, సర్పంచ్ పోశాలు కోడి.

ఈ కోరిక సంగతి చెప్పాలి. మొదట ఇక్కడ దిగినవాళ్ళకు తినడానికే సరిగ్గా ఉండేది కాదట. అందుకని పెద్దలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. కడుపుతో ఉన్నది తన శ్రీమంతంలో ఒక్క కోరిక కోరుకోవచ్చు. అది ఊళ్ళో ఎవరి దగ్గరున్నా తెచ్చి ఇవ్వాల్సిందే, కాదనడానికి వీల్లేదు. ఇంతవరకు కాదన్నవాళ్ళు లేరు. స్వరూప కోడికూర అడిగితే పోశాలు గుడ్లు పెడుతున్న కోడిని కోయించాడు. ఊళ్ళో ఉన్నవే నాలుగు కోళ్ళు. ఆ రోజు నుంచి పోశాలు ఆమె వైపు చూడడు.

రోజూ దీపాలు వెలగగానే డాక్టరమ్మ మైకులో మాట్లాడుతుంది. "తల్లులారా, కదలకండి. పడక ఎవరికీ చెడు చెయ్యదు." వింటూ పళ్ళు నూరుకుంటాను.

ఈ రోజు యాదమ్మ నా కాళ్ళు తుడుస్తూ వంగి చెవిలో చెప్పింది: "పాదాలు ఆడిస్తుండు బిడ్డా. దుప్పటి కింద ఎవ్వలు జూస్తరు?"

"మా అక్కకెందుకు చెప్పలే?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అప్పుడు నాక్కూడ తెల్వది. గామె పోయినంక తెలిసింది," అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది. (ఇది రికార్డు నుంచి చెరిపెయ్యమని యంత్రానికి చెప్పాను. చెరిపిందో లేదో మరి.)

రికార్డు 4

నా శ్రీమంతం అయింది.

పట్టీ విప్పలేదు. మా అక్క చలవ, ఇప్పుడు పడుకున్నదానికే గాజులు తొడుగుతారు. ఊరంతా వార్డులో, వరండాలో కిక్కిరిసింది. మా ఆయన గట్టయ్య నీళ్ళకోసం మంచు తవ్వే మంచుబాయిలో డ్యూటీ వదులుకుని వచ్చాడు, బూట్లకు ఇంకా దుమ్ము ఉంది. కోరుకోమంటే మంచం దిగడమే కోరుకుంటానని ఆయన అనుకుంటున్నాడు. వారం నుంచి చెవిలో జోరీగలా అదే పోరు.

పోశాలు ముందుకొచ్చాడు. స్వరూప కోడి దెబ్బకు మొహంలో కొంచెం భయం ఉంది. "ఏం గావాల్నో అడుగు బిడ్డా. ఎవ్వల దగ్గరున్నా తెప్పిస్త."

"డాక్టరమ్మ గావాలె," అన్నాను.

"డాక్టరమ్మ ఈడనే ఉన్నది గద!"

"నా పక్క మంచంల గావాలె. నేను ఎన్నొద్దులు పండుకుంటె గామె గన్నొద్దులు పండాలె. చొక్కా ఇప్పి, పట్టీ ఏసుకొని, అన్ని మంచంలనే కానిచ్చుకోవాలె. నన్ను లేవుమన్ననాడే గామె లేవాలె."

యాదమ్మ చేతిలో గాజుల పళ్ళెం వదిలేసింది. గాజులు గాల్లో తీరిగ్గా కిందికి దిగాయి, ఒక్కటి కూడా పగల్లేదు. "అవ్వో! ఏం కోరికనే పిల్లా!" అంది.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. "ఓదెమ్మా, వేళాకోళానికి వేళాపాళా ఉండాలి. ఇంతమందిని చూసుకోవాల్సినదాన్ని నేను మంచమెక్కితే ఎలా?"

"మంచంలకెళ్ళే చూసుకోండ్రి. యాదమ్మ ఉన్నది, మైకున్నది. పడక ఎవ్వలికి చెడు చెయ్యదని దినాం మీరే అంటరు. మరి మీకేం భయం డాక్టరమ్మా?"

ఆమె పోశాలు వైపు చూసింది. పోశాలు నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి ఒక్కసారి గొంతు పెంచాడు: "నా కోడి పోలేదా? నేను కాదన్ననా? కోరిక కోరికనే డాక్టరమ్మా!"

వరండాలో ఎవరో నవ్వారు. ఆ నవ్వే పని చేసింది. నవ్వులపాలు కావడం ఆమె ఓర్చుకోలేదు. నిటారుగా నిలబడి చొక్కా గుండీలు తానే విప్పింది. "పట్టీ తీసుకురా యాదమ్మా. ఈ ఊళ్ళో పడక మీద ఉన్న అనుమానాలన్నీ నా ఒంటితోనే తీరుస్తాను," అంది.

నా పక్కన మంచం వేశారు. అక్క పోయిన తర్వాత నేను మనసారా నవ్వింది ఈ రోజే.

రికార్డు 5

గట్టయ్య కోపంగా ఉన్నాడు. నిన్న అందరూ వెళ్ళాక మంచం పక్కన కూలబడ్డాడు.

"నీకు పిచ్చిగిన లేసిందా? లేస్తనని అడిగితె అయిపోతుండె గద! గామెను పండవెడితె నీకేమొస్తది?"

"నాకేం రాదు. గామెకు తెలిసొస్తది."

"నీ కాళ్ళు జూస్కున్నవా? మీ అక్క లెక్కనే సన్నవడ్డయి. నీకేమన్నయితె నేనేం గావాలె? పుట్టెటి బిడ్డ ఏం గావాలె?"

నాకు ఏడుపు వచ్చింది, కానీ పక్కన డాక్టరమ్మ వింటోంది. మింగేశాను.

"నేనొక్కదాన్ని లేస్త," అన్నాను. "స్వరూప లేస్తదా? రేపు పండుకునెటోళ్ళు లేస్తరా? మల్లక్క మాట ఇనక సచ్చిందన్న మాట పోతదా? గా మాట గామె నోటితోని పోవాలె. అప్పటిదాంక లేవ."

ఆయన నా పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచుతూ చాలాసేపు కూర్చున్నాడు. డాక్టరమ్మ చూసింది. చూసి మొహం అటు తిప్పుకుంది.

రికార్డు 6

తిన్నది: జావ. పక్క మంచం తిన్నది: సగం జావ, తిరగ్గొట్టింది. ఉప్పు తక్కువైందట. ఈ జావలో ఇంతే ఉప్పు వెయ్యాలని చెప్పింది ఆమే.

మొదట్లో మహారాణిలా ఉంది. మంచం మీద నుంచే నర్సులకు పనులు చెప్పింది, మంచం మీద నుంచే మైకులో మాట్లాడింది, "చూశారా తల్లులారా, నేనూ మీతోనే ఉన్నాను" అంది. స్వరూప చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్ళు మండింది. నేను అనుకున్నది ఇది కాదు.

ఆ తర్వాత పళ్ళెం సంగతి వచ్చింది. యాదమ్మ ఒకటికీ రెంటికీ పెట్టే పళ్ళెం తెచ్చి నడుము కింద పెట్టబోతే, "తెర వెయ్యి" అంది డాక్టరమ్మ.

"తెరల్లేవు డాక్టరమ్మా," అన్నాను. "పండుకున్నోళ్ళు నర్సులకు ఎప్పటికి కండ్లవడాల్నని మీరే తీయించిన్రు."

వార్డులో ఎవరూ అటు చూడలేదు, పాపం, అందరికీ ఆ సిగ్గు తెలుసు. నేను చూశాను. కావాలనే చూశాను. ఆమె కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుని, పని కానిచ్చుకుంది. అక్కా, చూశావా?

ఇప్పుడు నడుము నొప్పట, నిద్ర లేదట. పక్కకు తిప్పమని యాదమ్మను పిలిస్తే, యాదమ్మ వేరే మంచం దగ్గర ఉండి రావడానికి ఆలస్యమైతే, పైకప్పు చూస్తూ ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది కానీ కన్నీళ్ళు ఇక్కడ తొందరగా జారవు, కంటి మూలల్లో ఉబ్బి నిలుస్తాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తడానికే బద్ధకం వచ్చేసింది ఆమెకు. పడక అలా చేస్తుంది.

జాలి వేసిందా అని అడుగుతావేమో యంత్రమా. వెయ్యలేదు. హాయిగా ఉంది.

రికార్డు 7

డాక్టరమ్మ అసలు కదలదు. నేను దుప్పటి కింద పాదాలు ఆడిస్తూనే ఉంటాను. స్వరూప కూడా ఆడిస్తుంది, ఈమధ్య మంచాలన్నీ ఆడిస్తున్నాయి. యాదమ్మ చెవి మాట వార్డంతా పాకింది. డాక్టరమ్మ మాత్రం కొయ్యలా ఉంటుంది. అందరూ తననే చూస్తున్నారని ఆమెకు తెలుసు. కదలకండి అని మైకులో చెప్పి తాను కదిలితే మాట పోతుందని బిగదీసుకుని పడుకుంది.

పాదాలు ఆడించమని నేను ఆమెకు చెప్పొచ్చు. చెప్పలేదు. యాదమ్మ చెప్పబోతే నేనే కళ్ళతో ఆపాను.

ఈ మధ్యాహ్నం తానే మాట్లాడింది. నా వైపు తిరక్కుండా, పైకప్పుతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఈ ఊళ్ళో మొదటి కాన్పు ఎలా అయిందో తెలుసా నీకు? మంచుబాయి దగ్గర జారి పడిందామె, చొక్కా బరువుతో బోర్లా పడింది. ఆ బిడ్డను ఈ చేతుల్లోకి తీసుకున్నాను. ఊపిరి లేదు. ఆ రోజు మీవాళ్ళంతా ఏమన్నారో తెలుసా? బాయిలో కప్పు కూలితే పని ఆపి ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చుంటాం కదా డాక్టరమ్మా, ఆడవాళ్ళనూ అలా కూర్చోబెడదాం అన్నారు. నేను పడుకోబెట్టాను. తర్వాతి ఆమెకు పండులాంటి బిడ్డ పుట్టింది. ఇక ఎవరినీ నడవనిచ్చే ధైర్యం నాకు లేకపోయింది."

అది నిజమేనని యాదమ్మ తర్వాత చెప్పింది. భూమి మీద బొగ్గుబాయిల్లో పుట్టి పెరిగిన జనం, ప్రమాదం అంటే ముందు పని ఆపడమే మాకు తెలుసు. కూలిన కప్పుకూ పెరిగే కడుపుకూ తేడా చూడలేదు. భూమి నుంచి ఓడలు రావడం మానేశాక కాదనే ఇంకో డాక్టరూ లేకపోయాడు.

"భయం మీది డాక్టరమ్మా," అన్నాను. "పడక మాది."



రికార్డు 8

నొప్పి: లేదు. బిడ్డ: పొద్దున్నించీ తన్నుతూనే ఉంది. ఇదంతా ఊపిరి తీసుకుని చెబుతున్నాను, వరసగా రాసుకో.

రెండు రోజులుగా డాక్టరమ్మ యాదమ్మను కాళ్ళు తుడవనివ్వడం లేదు. దుప్పటి ఎడమ కాలి మీదికి లాక్కుంటూ ఉంది. ఈ పొద్దున దీపాలు వెలిగాయి, యాదమ్మ నీళ్ళకు వెళ్ళింది. నేను పట్టీలో ఎంత వంగగలనో అంత వంగి ఆ దుప్పటి పట్టి లాగాను.

మా అక్క కాలు. అదే వాపు, అదే ఎరుపు, అదే మెరుపు. పక్కనే కుడి కాలు మామూలుగా ఉంది. చెయ్యి వేసి చూశాను. కాలుతోంది.

"ఏమీ లేదు," అంది డాక్టరమ్మ. "మంచం మీద ఉన్నవాళ్ళకి ఎక్కడో ఒకచోట నొప్పి..."

అంతే, ఆగిపోయింది. తన మాట తనకే వినబడింది. నా కళ్ళలోకి చూసింది. మంచాలు రెండూ పక్కపక్కనే వేసినా ఆమె నన్ను సూటిగా చూడడం అదే మొదలు.

దాచడం ఎందుకు, ఒక్క క్షణం నాకు పండగలా అనిపించింది. నేను కోరుకున్నది ఇదే. రోజూ పళ్ళు నూరుతూ కోరుకున్నది ఇదే. నర్సును పిలిచే గంట నా చేతి దగ్గరే ఉంది. ఆమెది తాడు జారి మంచం కింద పడింది. మైకులో పిలిస్తే ఊరంతా వింటుంది, ఆ పని ఆమె చెయ్యదు. నేను కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు.

కానీ ఆమె నోరు మూతపడితే అక్క మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది. నన్ను లేపే మాట కూడా ఆమెతోనే పోతుంది. నేనూ ఈ మంచంలోనే పుల్లనవుతాను. నా కడుపులో ఉన్నది మళ్ళీ గట్టిగా తన్నింది.

"మైకు పట్టుకో," అన్నాను. అంతవరకు ఎదురుగా మీరు అనే పిలిచాను, నువ్వు అన్నది నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "లేవుమని చెప్పు. చెప్పినంక గంట కొడ్త."

"బెదిరిస్తున్నావా?"

"అవును. బెదిరిస్తున్న."

"నేను పోతే నిన్ను లేపేవాళ్ళు లేరు."

"తెల్సు. ఇద్దరం పోదాం. నాకేం, మా అక్క తానకు పోత."

అబద్ధం. నాకు చచ్చేంత భయంగా ఉంది. గట్టయ్య మొహమే కళ్ళ ముందు మెదిలింది. గంటను ఆమెకు అందకుండా పక్కలో దాచి పట్టుకున్నాను.

ఆమె ఊపిరి కొంచెం చిన్నదవుతోంది, నాకు వినబడుతోంది. తర్వాత అంది: "మల్లక్క కాలు చూసిన రోజే నాకు తెలుసు. కాలిలో రక్తం గడ్డకట్టిందని తెలుసు. ఒప్పుకుంటే పడుకోబెట్టిన అందరికీ జవాబు చెప్పాలి. అందుకని దుప్పటి కప్పాను."

"నాకు గాదు. మైకుల చెప్పు."

మైకు తీసింది. చెయ్యి బలం చాలక రెండు చేతులా పట్టుకుంది.

"తల్లులారా," అంది. "లేవండి. ఒక్కసారిగా కాదు. ముందు కూర్చోండి, కళ్ళు తిరగడం తగ్గాక పక్కవాళ్ళను పట్టుకుని నిలబడండి. ఎవరి కాలైనా ఒక్కటే ఉబ్బి, కాలుతూ ఉంటే మాత్రం లేవకండి, నర్సును పిలవండి. మిగతా అందరూ నడవండి. మల్లక్క లేచినందుకు పోలేదు. పడుకోబెట్టినందుకు పోయింది."

మైకు దించబోయింది.

"ఎవ్వలు పండవెట్టిన్రో గది గూడ చెప్పు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. పెదవులు నీలం తిరుగుతున్నాయి. నేను గంట మీద వేలు ఉంచి, కదపకుండా చూశాను. ఆగాను. అవును, ఆగాను.

"పడుకోబెట్టింది నేను," అంది.

అప్పుడు గంట కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే యాదమ్మ నీళ్ళ బకెట్టు వరండాలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. రక్తం పలచబడే సూది వేశారు, గాలి గొట్టం ముక్కుకు పెట్టారు, మంచంతో సహా తోసుకెళ్ళారు.

వెళ్ళేటప్పుడు నా మంచం పక్క నుంచే తీసుకెళ్ళారు. ఆమె ఏదో అనబోయింది. నేను వినలేదు.

రికార్డు 9

నిలబడ్డాను! గట్టయ్య ఒక చంక, స్వరూప మొగుడు ఒక చంక పట్టుకున్నారు. చొక్కా వెయ్యకుండానే కాళ్ళు గజగజ వణికాయి. ఆరోవంతు బరువు ఉన్న నేను, నా కాళ్ళకే బరువయ్యాను. "మెల్లగనే, మెల్లగనే" అంటూ గట్టయ్య ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఏడ్చాడు, చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

వార్డు చూడాలి ఈ రోజు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పొట్టలు ముందుకేసుకుని వరసగా ఆడవాళ్ళు. స్వరూప రెండడుగులు వేసి కూలబడి, "వామ్మో, నా కాళ్ళెవ్వలో ఎత్తుకవోయిన్రు!" అని ఒకటే నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఒక్కరి కాలు వాచి ఉంటే ఆమెను యాదమ్మ కదలనివ్వలేదు, వెంటనే సూది పడింది.

పోశాలు పంచాయితీ పెట్టాడు. లేచిన తల్లికి బిడ్డను ఇవ్వకూడదన్న కట్టడి తీసేశారు. "మల్లక్క మీద ఊరు తప్పు మాటన్నది," అని అందరి ముందు అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి చెమటలు పట్టాయి ఆయనకు.

డాక్టరమ్మ బతికింది. గడ్డలో ఒక ముక్క ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందట, చావు అంచు దాకా పోయి వచ్చిందట ఆమె. నేను ఇంకొంచెం ఆగి ఉంటే పోయేదని యాదమ్మ చెప్పింది. చెబుతూ నా మొహంలో ఏదో వెతికింది. ఏం దొరికిందో మరి.

రికార్డు 10

మంచం నుంచి ఈ యంత్రాన్ని ఊడదీసి గట్టయ్య మా గదిలో గోడకు బిగించాడు. చివరిసారి చెబుతున్నాను.

కానుపైంది. ఆడపిల్ల. నా కాళ్ళు ఇంకా పూర్తిగా రాలేదు, సగం బరువు చొక్కానే వేసుకుంటున్నాను, అయినా కానుపు నొప్పుల మధ్య కూడా యాదమ్మ భుజం పట్టుకుని గదిలో తిరిగాను. పిల్ల ఏడుపు వరండా దాకా వినబడిందట.

ఈ పొద్దున తలుపు దగ్గర చప్పుడైతే గట్టయ్య తీశాడు. డాక్టరమ్మ. చేతిలో కర్ర, పావు బరువు చొక్కా. మంచం దిగాక బయటికి రావడం ఇదే మొదలట. ఎడమ కాలు ఇక ఎప్పటికీ మామూలు కాదట. గడప దాటేసరికే మొహమంతా చెమట.

నేను మంచం అంచున కూర్చుని పిల్లకు పాలిస్తున్నాను.

"బాగున్నావా ఓదెమ్మా?" అంది.

"ఉన్న."

"పాప?"

"కనవడుతలేదా?"

కర్ర మీద బరువు మార్చుకుంది. "నేను పదవి వదులుకున్నాను," అంది. "యాదమ్మకు అన్నీ నేర్పుతున్నాను. ఇంక ఏ ఆడదాన్నీ పడుకోబెట్టరు. అది నీవల్లే అయింది. నువ్వు కోరుకున్నది దక్కింది కదా. ఇప్పటికైనా నన్ను..."

"మా అక్క దక్కలె," అన్నాను.

ఆమె తల దించుకుంది. క్షమించమని అడగడానికి వచ్చిందని తెలుస్తూనే ఉంది. ఆ మాట పూర్తిగా అనకముందే మళ్ళీ అన్నాను: "మీరు బతకాల్నని గంట కొట్టలె డాక్టరమ్మా. నేను లేవాల్నని కొట్టిన. గంతే. మాఫ్ చెయ్య. పెద్దదయినంక దీనికి అన్నీ చెప్త. గప్పుడు ఇదేమన్న అంటె ఇనుండ్రి."

"సరే," అంది. వెళ్ళలేదు. పిల్ల వైపే చూస్తూ నిలబడింది. ఎంతమందిని పుట్టించిన చేతులో, ఎత్తుకోవాలని వేళ్ళు కదులుతున్నాయి.

కర్ర పట్టుకున్న చెయ్యి తెల్లబడింది. చూడలేక గట్టయ్య మూలనున్న కుర్చీ అందుకోబోయాడు. నేను ఆయన వైపు ఒక్క చూపు చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పిల్ల నెమ్మదస్తురాలు, తాపీగా తాగుతుంది. మధ్యలో నిద్రపోతుంది, మళ్ళీ లేచి తాగుతుంది. నేను తొందరపెట్టలేదు. డాక్టరమ్మ కూర్చుంటానని అడగలేదు, నేను కూర్చోమనలేదు. పిల్ల కడుపు నిండేదాకా ఆమె అలా నిలబడే ఉంది.